పాత కారు ప్లగ్గులు, వైర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వానలు మొదలయ్యాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత పెట్రోలు కార్ల మిస్సింగ్ (ఏదో ఒక సిలిండరు అప్పుడప్పుడు మండకపోవడం) గురించే ఉన్నాయి. అందుకని ఈసారి శీర్షికను స్పార్క్ ప్లగ్గులకూ, వాటికి కరెంటు మోసే వైర్లకూ కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా నాన్నగారు 1998లో కొన్న, కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) ఉన్న మారుతి 800ను ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. ఈ వానలకు పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ వణుకుతోంది, పావుగంట నడిచాక సర్దుకుంటోంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మళ్లీ మిస్సింగ్ వస్తోంది. మెకానిక్ మూడు ప్లగ్గులూ కొత్తవి వేస్తే రెండు వారాలు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు కార్బురేటర్ మార్చాలంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: కార్బురేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. చెమ్మ ఉన్న పూట ఇంజన్ వణకడం, వేడెక్కాక సర్దుకోవడం, బరువు పడగానే మళ్లీ మిస్సింగ్ రావడం అనే మూడు లక్షణాలనూ కలిపి చూస్తే నా అనుమానం ప్లగ్ వైర్ల మీద, ఆ తరువాత డిస్ట్రిబ్యూటర్ (కరెంటును ఒక్కో ప్లగ్గుకూ వంతులవారీగా పంచే భాగం) క్యాప్ మీద ఉంది. కొత్త ప్లగ్గులతో రెండు వారాలు బాగా నడిచిందన్న మాట ఆ అనుమానాన్ని తీర్చకపోగా ఇంకా గట్టిపరుస్తోంది. ఎందుకో వివరంగా చెబుతాను.

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ పదిహేను, ఇరవై వేల వోల్టుల దాకా పెంచుతుంది. ఆ కరెంటు డిస్ట్రిబ్యూటర్ గుండా, వైరు గుండా వచ్చి, ప్లగ్గు కొసన ఉన్న మిల్లీమీటరు కన్నా తక్కువ సందును దూకినప్పుడే నిప్పురవ్వ పుడుతుంది. అయితే కరెంటుకు అంతకన్నా సులువైన దారి ఎక్కడైనా దొరికితే అది అటే పోతుంది. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి ఎండిన వైరు తొడుగులో సన్నని బీటలు పడతాయి. ఆ బీటల్లో చెమ్మ చేరిన రోజున ప్లగ్గు సందును దూకడం కన్నా పక్కనున్న ఇనుములోకి దిగిపోవడమే కరెంటుకు సులువవుతుంది. ఇంజన్ వేడికి ఆ చెమ్మ ఆరిపోగానే మీ కారు సర్దుకుంటోంది.

ఘాట్ సంగతి కూడా ఇందులోనే ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు మీరు యాక్సిలరేటర్ బాగా నొక్కుతారు, సిలిండరులోకి ఎక్కువ పెట్రోలు, గాలి మిశ్రమం వస్తుంది, అక్కడి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ అదే సందును దూకడానికి మరిన్ని వోల్టులు కావాలి. వాటిని వైరు నిలుపుకోలేకపోతే ఆ సిలిండరు మండదు. మీది 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి ఒక్కటి మండకపోయినా మూడో వంతు బలం పోయినట్టే, బండి అంతా వణికినట్టే. ఇక కొత్త ప్లగ్గుల విషయం: వాటి ఎలక్ట్రోడ్ల అంచులు పదునుగా ఉంటాయి, సందు సరిగ్గా ఉంటుంది, అందువల్ల తక్కువ వోల్టులతోనే నిప్పురవ్వ వస్తుంది. పాడైన వైర్లు ఆ తక్కువ పనిని కొన్నాళ్లు నెట్టుకొచ్చాయి. ఆ అంచులు కొద్దిగా అరిగి, వానలు కాస్త ముదిరేసరికి మళ్లీ చేతులెత్తేశాయి. ప్లగ్గులు మార్చి వైర్లను వదిలేయడం మన షెడ్లలో చాలా తరచుగా జరిగే పొరపాటు. నేను పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఎన్నోసార్లు చేశాను.

ఈ అనుమానాన్ని మీరే తేల్చుకోవచ్చు. రాత్రిపూట వీధి దీపం వెలుగు పడని చోట బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి చూడండి. మొక్కలకు కొట్టే స్ప్రే సీసాతో వైర్ల మీద నీటిని పొగమంచులా ఒకటి రెండుసార్లు చల్లండి. వైరు పాడైతే నీలిరంగు మెరుపు ఒకటి వైరు నుంచి ఇంజన్ మీదికి పాకుతూ కనిపిస్తుంది, ఆ వెంటే ‘టిక్ టిక్’ అనే చప్పుడు వినిపిస్తుంది. ఇంజన్ నడుస్తున్నంత సేపూ వైర్లను చేత్తో ముట్టుకోకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పరీక్షకు దూరంగా ఉండాలి. పగటి పూట ఇంకో పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి, వైర్లు ఒక్కొక్కటిగా తీసి, మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి రెండు కొసల మధ్య చూడండి. కార్బన్ కోర్ వైర్లకు సాధారణంగా మీటరు పొడవుకు 10 నుంచి 20 కిలో ఓమ్‌లు వస్తాయి. చూస్తూ వైరును మెల్లగా వంచండి. అంకె ఒక్కసారిగా ఎగిరినా, మీటరు ఏమీ చూపించకపోయినా ఆ వైరు లోపల తెగినట్టే. అయితే ఈ పరీక్షలో నెగ్గిన వైరు కూడా బీటల వల్ల చీకటి పరీక్షలో ఓడిపోవచ్చు కాబట్టి రెండూ చేయండి.

వైర్లు మార్చాల్సి వస్తే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే మధ్య వైరుతో సహా మొత్తం సెట్టు మార్చండి. ఒకే వేడిలో, ఒకే కాలం బతికిన వైర్లలో ఒకటి పోయిందంటే మిగతావి ఎంతో దూరంలో ఉండవు. పని మొదలుపెట్టే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. సిలిండర్ హెడ్ అల్యూమినియంది; వేడి మీద ప్లగ్గు విప్పితే మెత్తని ఆ లోహంలోని మరలు ప్లగ్గుతోపాటే ఊడివచ్చే ప్రమాదం ఉంది. తాళం తీసి పక్కన పెట్టండి. అన్ని వైర్లూ ఒకేసారి పీకకుండా ఒకటి తీసి, దాని పొడవే ఉన్న కొత్తదాన్ని అదే చోట పెట్టి, తరువాతే రెండోదాని దగ్గరికి వెళ్లండి. లాగేటప్పుడు వైరును కాకుండా ప్లగ్గు మీద కూర్చున్న రబ్బరు బూటును పట్టుకుని, కొంచెం అటూ ఇటూ తిప్పి పైకి లాగాలి. ఏళ్లుగా కదలని బూటు ప్లగ్గుకు అతుక్కుని ఉంటుంది. వైరు పట్టుకుని లాగితే లోపలి కార్బన్ పోగు తెగుతుంది, బయటికి మాత్రం ఏమీ తెలియదు.

బూటు తీశాక ప్లగ్గు చుట్టూ ఉన్న గుంటలో చూడండి. అక్కడ దుమ్ము, ఇసుక, ఒక్కోసారి చిన్న రాయి కూడా పేరుకుని ఉంటాయి. ప్లగ్గు విప్పగానే అవన్నీ సిలిండరులోకి పడతాయి. అందుకే ముందుగా బ్రష్షుతో దులిపి, వీలైతే గాలి కొట్టి శుభ్రం చేయాలి. కొత్త ప్లగ్గును స్పానర్‌తో నేరుగా ఎక్కించకండి. వేలెడు పొడవున్న పాత పెట్రోలు రబ్బరు పైపు ముక్క ఒకటి తీసుకుని ప్లగ్గు పైకొసకు తొడిగి, ఆ పైపును రెండు వేళ్లతో తిప్పండి. మర వంకరగా పడితే పైపు ప్లగ్గు మీద జారిపోతుంది తప్ప హెడ్‌కు దెబ్బ తగలదు. నాలుగైదు చుట్లు హాయిగా తిరిగితే మర సరిగ్గా పట్టినట్టు లెక్క. వాషర్ హెడ్‌కు ఆనేదాకా చేత్తోనే బిగించి, ఆ తరువాత మాత్రమే స్పానర్ పెట్టి కొత్త ప్లగ్గయితే అర చుట్టు తిప్పండి. అంతకు మించి బలం వద్దు. కొత్త వాషర్ నలిగి కూర్చోవడానికి ఆ అర చుట్టు కావాలి. వాషర్ ఇప్పటికే నలిగిన పాత ప్లగ్గునే తిరిగి వేస్తున్నట్టయితే గడియారంలో ఒక అంకె నుంచి తరువాతి అంకెకు ముల్లు జరిగేంత తిప్పితే చాలు.

పెట్టెలోంచి తీసిన ప్లగ్గయినా సందు కొలవకుండా వేయకండి. కార్బురేటర్ మారుతి 800కు అది 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. సరిచేయాల్సి వస్తే పైన వంగి ఉండే ఎర్త్ ఎలక్ట్రోడ్‌ను మాత్రమే కదపాలి. మధ్య ఎలక్ట్రోడ్ మీద ఒత్తిడి పెడితే దాని చుట్టూ ఉన్న తెల్లని పింగాణీ పగులుతుంది. చేతిలోంచి సిమెంటు నేల మీద పడ్డ ప్లగ్గును, చూడటానికి ఎంత బాగున్నా, వాడకండి. లోపలి పింగాణీలో పడ్డ చీలిక బయటికి కనబడదు. ఆ ఒక్క ప్లగ్గు ధర కోసం చూసుకుంటే, లేని జబ్బును వెతుకుతూ వారాలు గడపవలసి వస్తుంది.

పనిలో పనిగా డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపల వెలుతురులో చూడండి. రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లని గీత కనిపిస్తే అది కరెంటు పాకిన దారి. ఎంత తుడిచినా పోదు, క్యాప్ మార్చాల్సిందే. నడిమధ్యనున్న చిన్న కార్బన్ ముక్క స్ప్రింగు మీద లోపలికీ బయటికీ కదులుతోందో లేదో వేలితో నొక్కి చూడండి. క్యాప్ లోపల తిరుగుతూ టెర్మినళ్లకు కరెంటు అందించే రోటార్ కొస బాగా కాలి గుంట పడితే దాన్నీ మార్చండి. ఇన్ని చేశాక కూడా మిస్సింగ్ పోకపోతే అప్పుడు కార్బురేటర్ గురించి ఆలోచించవచ్చు.

ప్రశ్న: మా మారుతి జెన్ ప్లగ్గులు విప్పితే మూడు గోధుమ రంగులో ఉన్నాయి, ఒకటి మాత్రం నల్లగా, తడిగా ఉంది. షెడ్డులో ఆ నల్లదాన్ని పారేసి కొత్తది వేశారు. నెల తిరగకుండానే అదీ అలాగే అయింది. నాసిరకం ప్లగ్గు అమ్మారా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: ప్లగ్గు నాసిరకం కాదండీ, అది తాను కూర్చున్న సిలిండరు ఆరోగ్యం ఎలా ఉందో చెబుతోంది. విప్పిన ప్లగ్గును చదవకుండా పారేయడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే హెడ్ విప్పకుండా ఇంజన్ లోపలి సంగతి అందరికన్నా ముందు చెప్పేది అదే. ప్లగ్గులు విప్పేటప్పుడు ఒక పాత వార్తాపత్రిక మీద 1, 2, 3, 4 అని రాసి, ఏ సిలిండరు ప్లగ్గును ఆ అంకె మీదే పెట్టండి.

లేత గోధుమ రంగు, బూడిద రంగు ఆరోగ్యానికి గుర్తు. వేలితో రాస్తే అంటుకునే పొడి నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతోందని అర్థం. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం, చోక్ పూర్తిగా వెనక్కి రాకపోవడం ముందుగా చూడవలసినవి. పింగాణీ కొస సున్నంలా తెల్లబడి, ఎలక్ట్రోడ్ మీద చిన్న బొబ్బలు కనబడితే ప్లగ్గు మితిమీరి వేడెక్కుతోంది. దానికి మిశ్రమం పలచబడటమో, టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) ముందుకు జరగడమో, మీ ఇంజన్‌కు తగని వేడి రకం ప్లగ్గు వేయడమో కారణం కావచ్చు. ఈ లక్షణాలు సాధారణంగా అన్ని ప్లగ్గుల మీదా ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మీకు మాత్రం ఒక్కదాని మీదే తడి ఉంది. ఆ తడిని వేలికి అద్దుకుని వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆ సిలిండరుకు నిప్పురవ్వ అందడం లేదు, అంటే ఆ వైరునూ, క్యాప్‌లోని ఆ టెర్మినల్‌నూ పరీక్షించాలి. జిడ్డుగా, వేళ్ల మధ్య జారుతూ ఉంటే అది ఇంజన్ ఆయిల్. వాల్వ్ స్టెమ్ సీళ్ల నుంచో, పిస్టన్ రింగుల నుంచో పైకి వస్తోంది. కంప్రెషన్ పరీక్ష (సిలిండరులోని ఒత్తిడిని కొలవడం) చేయిస్తే ఆ రెండింటిలో ఏదో తేలుతుంది. నాలుగు సిలిండర్లలో ఆ ఒక్కదాని ఒత్తిడి బాగా తగ్గి, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెరిగితే రింగులు అరిగాయి. ఒత్తిడి మిగతావాటితో సమానంగానే ఉంటే సీళ్లను అనుమానించాలి, అది చాలా తక్కువ ఖర్చుతో పోయే పని.

ప్లగ్గు మీది అంకె గురించి కూడా ఒక్క మాట. ప్లగ్గు కొస సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీది మసి కాలిపోతుంది. 850 దాటితే అదే నిప్పుకణికై సమయానికి ముందే మిశ్రమాన్ని మండిస్తుంది. కొస ఎంత వేడిని నిలుపుకోవాలో చెప్పేది ఆ అంకె. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్ ప్లగ్గుల్లో అంకె పెరిగితే వేడిది. కంపెనీ మారినప్పుడు అంకెను చూసి అంకెను కొనకుండా, దుకాణంలో సరిపోల్చే పట్టిక అడిగి చూసుకోండి.

ప్రశ్న: మా తాతగారి అంబాసిడర్‌కు ప్లగ్గులు మార్చబోయి నాలుగు వైర్లూ ఒకేసారి పీకేశాను. తిరిగి పెడితే స్టార్ట్ కావడం లేదు, కార్బురేటర్‌లోంచి ‘టప్’మని కొడుతోంది. (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: కంగారు పడకండి, ఏమీ చెడిపోలేదు. వైర్ల వరుస తప్పింది, అంతే. అయితే సరిచేసేదాకా సెల్ఫ్ కొట్టకండి. కార్బురేటర్‌లోంచి మంట వెనక్కి వచ్చేటప్పుడు దగ్గరలో పెట్రోలు కారుతూ ఉంటే ప్రమాదం.

మీ బండి పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌ది అయితే రేడియేటర్ వైపున్నదే ఒకటో సిలిండరు. నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరును తీసి పక్కకు పెట్టి, ఒకటో సిలిండరు ప్లగ్గు రంధ్రాన్ని వేలితో మూసి పట్టుకోమని ఇంకొకరికి చెప్పండి. మీరు బండిని టాప్ గేరులో పెట్టి మెల్లగా ముందుకు నెట్టండి. ఒక దశలో గాలి లోపలి నుంచి వేలిని గట్టిగా తోస్తుంది. అక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా నెడుతూ, క్రాంక్ పుల్లీ మీది గాటు టైమింగ్ గుర్తుకు ఎదురుగా వచ్చినప్పుడు ఆపండి. గాలి తోయడం తప్పకుండా చూడమనడానికి కారణం ఉంది: నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఆ గాటు ఒక్కో చక్రానికి రెండుసార్లు గుర్తు దగ్గరికి వస్తుంది, అందులో ఒకటే మనకు కావలసినది.

ఇప్పుడు క్యాప్ తీసి రోటార్ ఎటు చూస్తోందో చూడండి. క్యాప్‌లో ఆ దిక్కున ఉన్న టెర్మినల్ ఒకటో సిలిండరుది. అక్కడి నుంచి రోటార్ తిరిగే వైపుగా, అంటే గడియారం ముళ్లకు ఎదురు దిశలో, వరుసగా 1, 3, 4, 2 సిలిండర్ల వైర్లు పెట్టండి. చాలామంది వరుస సరిగ్గా తెలిసి కూడా దిశ తప్పి ముళ్లు తిరిగే వైపుగా పెడతారు. అప్పుడు ఒకటో, నాలుగో సిలిండర్లు సరిగ్గా ఉండి రెండూ మూడూ తారుమారవుతాయి. ప్లగ్గు సందు 0.6 మిల్లీమీటర్లు ఉంచండి. డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును తెంచే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉందో లేదో కూడా అప్పుడే ఫీలర్ గేజ్‌తో చూసుకోండి.

ప్రశ్న: ప్లగ్గు బిగిస్తుంటే ఎంత తిప్పినా బిగుసుకోవడం లేదు, ఊరికే తిరుగుతోంది. హెడ్ మార్చాలంటున్నారు. (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: హెడ్‌లోని మర తెగింది. హెడ్ మార్చనక్కరలేదు. లేత్ పని బాగా తెలిసినవారు పాడైన మరను తొలిచి, కొత్త మరతో ఉక్కు ఇన్సర్ట్ వేస్తారు. సరిగ్గా వేస్తే అది పాత అల్యూమినియం మర కన్నా గట్టిది. హెడ్ దించి చేయించడమే మంచిది. బండి మీదే తొలిస్తే లోహపు రజను సిలిండరులోకి పడుతుంది. అంతవరకూ ఆ ప్లగ్గుకు టెఫ్లాన్ టేపు చుట్టి నడపమనే సలహా ఎవరిచ్చినా వినకండి. సిలిండరులోని ఒత్తిడికి ప్లగ్గు ఊడి బానెట్‌కు తగలగలదు.

ప్రశ్న: పాత కార్బురేటర్ బండికి ఇరిడియం ప్లగ్గులు వేస్తే మైలేజీ పెరుగుతుందా? (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: చెప్పుకోదగినంత పెరగదు. ఇరిడియం సుమారు 2,450 డిగ్రీల దాకా కరగదు కాబట్టి మధ్య ఎలక్ట్రోడ్‌ను సూదిలా సన్నగా చేయగలుగుతారు, అందువల్ల అది ఎక్కువ కాలం అరగకుండా ఉంటుంది. కానీ పాత కార్బురేటర్ ఇంజన్‌లో ప్లగ్గు అరగక ముందే మసి పడుతుంది, ఆ సన్నని కొసను వైరు బ్రష్షుతో రుద్దకూడదు. సాధారణ నికెల్ ప్లగ్గులు పదివేల కిలోమీటర్లకు ఒకసారి విప్పి చూసుకుని, ఇరవై వేలకు మార్చుకుంటే సరిపోతుంది. మిగిలిన డబ్బు వైర్ల మీద పెట్టండి.

ప్రశ్న: 1997 నాటి మా కారుకు కాలుష్య పరీక్షలో హెచ్‌సీ ఎక్కువ వచ్చిందని సర్టిఫికెట్ ఇవ్వలేదు. పెట్రోలు వృథా కావడం లేదు, పొగ కూడా కనబడటం లేదు. ఎల్‌పీజీ కిట్ ఉంది. (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: హెచ్‌సీ అంటే మండకుండా బయటికి పోయిన ఇంధనం. భారత్ స్టేజ్-2 కాలుష్య ప్రమాణాలకు ముందటి కార్లకు పరిమితి 1,500 పీపీఎం (పదిలక్షల వంతుల్లో 1,500). నిప్పురవ్వ అప్పుడప్పుడు తప్పినా ఆ అంకె దాటిపోతుంది, కంటికి పొగ మాత్రం కనబడదు. గ్యాస్‌ను మండించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టులు కావాలి కాబట్టి ఎల్‌పీజీ బండ్లలో వైర్ల లోపం ముందుగా బయటపడుతుంది. పెట్రోలు మీదా గ్యాస్ మీదా విడివిడిగా అంకెలు తీయించండి. గ్యాస్ మీద మాత్రమే ఎక్కువగా ఉంటే ప్లగ్గులు, వైర్లు, క్యాప్, రోటార్ మార్చి, ఇంజన్ బాగా వేడెక్కాక మళ్లీ పరీక్షకు వెళ్లండి. రెండింటి మీదా ఎక్కువే ఉంటే వాల్వుల సందులు కూడా చూపించండి.